పెన్న ఇసుక కింది నీళ్లు

పెన్నను ఎండిన ఏరంటే నాకు మనసు చివుక్కుమంటుంది. మా జేజి ఎన్నడూ ఆ మాట అనలేదు. నడివేసవిలోనూ ఏట్లో ఇసుక తోడి చెలమ తీసేది. మొదట ఊరిన మడ్డినీళ్లు చిప్పతో పారబోసి, తేటపడ్డాక కడవ నింపేది. ప్రొద్దుటూరు దిక్కున మా ఊరంతా తాగింది ఆ నీళ్లే.

నంది కొండల్లో పుట్టి పెన్న 597 కిలోమీటర్లు పారుతుంది. హిందూపురం దగ్గర మన గడ్డ మీదికొచ్చి, మళ్లీ పావగడ తాలూకాలోకి పోయి, అనంతపురం సీమకు తిరిగొస్తుంది. పెన్నహోబిలం దాటాక తూర్పుకు మళ్లి, గండికోట దగ్గర ఎర్రమలను నిలువునా కోసుకుని జమ్మలమడుగు బయళ్లలో పడుతుంది. కుందూ, పాపఘ్ని, చెయ్యేరు కలిశాక సోమశిల మీదుగా ఊటుకూరు దగ్గర సముద్రం చేరుతుంది.

దారి పొడుగునా కరువు నేలే. పెద్ద నీళ్లు వచ్చేది ఎక్కువగా అక్టోబరు, నవంబరు తుపాన్లకే, అదీ ఒక్క ఉరుకున. 2021 నవంబరు 19న చెయ్యేరు అన్నమయ్య ప్రాజెక్టు కట్టను తెంచుకుని ఊళ్లను ఊడ్చేసింది. తుపాన్లు తెచ్చే నాలుగు రోజుల నీటిని ఏడాదికి దాచిపెట్టేది ఇసుకే.

ఇది ఎరిగిన సీమ రైతులు ఊటకాలువలు తవ్వారు. ఏట్లో ఎగువన ఇసుకను లోతుగా చీల్చి, ఊరిన నీటిని వాలు చూసి గట్టు దాటించి మడికి పారించేవారు. కపిల తోలే పని లేదు. వరదొచ్చి పూడిస్తే ఊరు ఊరంతా పారలతో దిగి పూడిక తీసేది. 1855 నాటి నెల్లూరు ఆనకట్ట గురించి పుస్తకాలు చెబుతాయి. నా దృష్టిలో ఊటకాలువ అంతకు తక్కువ పని కాదు. తాడిపత్రిలో పెన్న గట్టున బుగ్గ రామలింగేశ్వరుడి చుట్టూ ఊరే నీళ్లు చూడండి. విజయనగర కాలపు వాళ్లు ఊటకే గుడి కట్టారు.

తర్వాత బోర్లు వచ్చాయి. ఎగువన ఇసుక లారీలెక్కి బెంగళూరు మేడలకు పోయింది. ఇసుక పోయిన చోట వరద నిలవలేదు, ఊట తగ్గింది, కాలువలు ముళ్లకంపల పాలయ్యాయి. ఇప్పుడు గండికోట జలాశయంలో నిలిచేది శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణ నీళ్లు. అవి రావడం సంతోషమే. అయినా పెన్న ఊట పని అవి చేయలేవు.

ఇసుక తవ్వకాన్ని అదుపు చేసే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. మీ ఊళ్లో ఊటకాలువ ఆనవాలు మిగిలుంటే, దాని తల దగ్గర తట్టెడు ఇసుక కూడా ఎత్తనివ్వకండి.