ఛాతీ ఎముకల వంపులు: శస్త్రచికిత్స లేని సవరణ

కొందరు పిల్లలు పదిమందిలో చొక్కా విప్పరు. తోటివారితో కలిసి చెరువుకు వెళ్ళరు. ఆటల గంటలో భుజాలు ముందుకు వంచి ఒక మూల నిలబడతారు. ఉపాధ్యాయులకు ఇది ఎరిగిన దృశ్యమే. విషయం ఇంట్లో తెలిసినా, పెద్దలు “ఎదిగేకొద్దీ అదే సర్దుకుంటుంది” అని ఊరుకుంటారు. సాధారణంగా ఈ లోపం ఎదుగుదలతో తగ్గదు, మరింత స్ఫుటమవుతుంది. అయితే కత్తి ముట్టకుండా దానిని సరిదిద్దగలిగేది కూడా ఆ ఎదిగే వయసులోనే.

రెండు రూపాలు

ఛాతీ నడుమనున్న రొమ్ము ఎముకను పక్కటెముకలతో కలిపేది మృదులాస్థి. దాని పెరుగుదల క్రమం తప్పడం వల్ల రొమ్ము ఎముక స్థానం మారుతుందని వైద్యుల అభిప్రాయం. లోపలికి కుంగితే అది గుంట ఛాతీ. వైద్యులు పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అంటారు. బయటికి పొడుచుకొని వస్తే పావురపు ఛాతీ. దాని పేరు పెక్టస్ కారినేటమ్. రెండూ మగపిల్లలలోనే ఎక్కువ. మొదటిది తరచు పసితనంలోనే కనబడుతుంది. రెండవది ఎక్కువగా 11–14 ఏళ్ళ మధ్య, పిల్లవాడు ఒక్కసారిగా పొడవెదిగేటప్పుడు బయటపడుతుంది. కొన్ని కుటుంబాలలో ఒకరికంటె ఎక్కువ మందికి రావచ్చు. ఇది గ్రహణ దోషమూ కాదు, ఎవరి శాపమూ కాదు.

పావురపు ఛాతీకి పట్టీ

దంతాల వరుసను తీగతో సరిచేసినట్లే, మెత్తగా ఉన్న ఛాతీని నెమ్మదైన ఒత్తిడితో సరిచేయవచ్చు. బ్రెజిల్‌కు చెందిన ఎముకల వైద్యుడు సిడ్నీ హాజే 1970ల నుంచి పట్టీని, వ్యాయామాన్ని కలిపి ఈ చికిత్స చేశారు. అర్జెంటీనాలో మార్సెలో మార్టినెజ్ ఫెర్రో బృందం 2001 నుంచి ఒత్తిడిని కొలిచే సాధనం అమర్చిన పట్టీని వాడింది. ఎముకను సమస్థితికి తేవడానికి ఎంత ఒత్తిడి కావాలో ముందుగా కొలిస్తే, ఛాతీ ఎంత మెత్తగా ఉన్నదో, పట్టీ పనిచేస్తుందో లేదో అంచనా వేయవచ్చు.

పట్టీని ఒంటి కొలతకు తయారుచేస్తారు. ఎత్తుగా ఉన్నచోట మెత్తని దిండు, ఛాతీని చుట్టి లోహపు పలకలు ఉంటాయి. సవరణ దశలో స్నానానికీ ఆటలకూ తప్ప దాదాపు రోజంతా ధరించమని చాలామంది వైద్యులు చెబుతారు. ఈ దశ కొన్ని నెలల నుంచి ఏడాది వరకు సాగవచ్చు. ఛాతీ సమమైన తరువాత, ఎదుగుదల పూర్తయ్యేవరకు రాత్రిపూట మాత్రం ధరించాలి. లోపల నూలు బనియను ఉండాలి. పట్టీ తీసిన కాసేపటికి పోయే ఎరుపు వల్ల భయం లేదు. చర్మం చిట్లితే మాత్రం వెంటనే పట్టీని సరిచేయించాలి. చికిత్స విఫలం కావడానికి ప్రధాన కారణం పట్టీ లోపం కాదు, నడుమలో మానివేయడమే.

గుంట ఛాతీకి గాలి గిన్నె

లోపలికి కుంగిన ఎముకను పట్టీతో నొక్కి పైకి తేలేము. దీనికి వాక్యూమ్ బెల్ అనే గిన్నెవంటి సాధనం ఉంది. తానే ఈ లోపంతో బాధపడిన జర్మన్ ఇంజనీరు ఎకార్ట్ క్లోబె దీనిని రూపొందించాడు. గిన్నెను ఛాతీపై ఆనించి, చేతిపంపుతో లోపలి గాలిని తీస్తే ఎముక పైకి లేస్తుంది. మొదట రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున మొదలుపెట్టి, క్రమంగా గంటలు పెంచుతారు. 11 ఏళ్ళలోపు మొదలుపెట్టినవారికి, లోతు 1.5 సెంటీమీటర్లకు మించనివారికి, ఏడాదికి పైగా విడువక వాడినవారికి మంచి ఫలితం కనిపించిందని 2018లో వెలువడిన అమెరికా పరిశోధన తెలిపింది. రక్తస్రావ వ్యాధులు, పెళుసు ఎముకలు, రక్తనాళాల జబ్బులు ఉన్నవారికి ఇది పనికిరాదు.

వ్యాయామం చేసే పని

వ్యాయామం ఒక్కటే ఎముక ఆకారాన్ని మార్చదు. అయితే వంగిన భుజాలను, వీపును నిలబెడుతుంది. అందువల్ల లోపం కొంత తగ్గి కనబడుతుంది, చికిత్సకు తోడవుతుంది. గోడకు వీపు ఆనించి నిటారుగా నిలవడం, భుజాలను వెనక్కి లాగడం, దండీలు తీయడం, నిండుగా ఊపిరి పీల్చి కొద్ది క్షణాలు నిలపడం, ఈత – ఇవి నిత్యం చేయదగినవి.

తల్లిదండ్రులకు సూచనలు

మొదట వైద్యుని చూడాలి. పసిపిల్లలలో విటమిన్ డి లోపం వల్ల వచ్చే రికెట్స్ కూడా ఛాతీని ముందుకు పొడిపిస్తుంది. దాని చికిత్స వేరు. ఆయాసం, గుండెదడ ఉన్నా, పిల్లవాడు మరీ పొడవుగా, సన్నని పొడుగు వేళ్ళతో ఉన్నా గుండె పరీక్ష తప్పనిసరి. వెన్ను వంకరగా ఉన్నదేమో కూడా చూపించాలి. లోపం తీవ్రమైతే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. బజారులో దొరికే బెల్టును సొంతంగా బిగించరాదు.

కొలతకు సాధనాలు తయారుచేసే విభాగాలు పెద్ద ఆసుపత్రులలో ఉంటాయి. తమిళనాడు సరిహద్దువారికి వెల్లూరు సి.ఎం.సి., ఒడిశావారికి కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోని జాతీయ పునరావాస సంస్థ, మహారాష్ట్రవారికి ముంబయిలోని అఖిల భారత ఫిజికల్ మెడిసిన్ సంస్థ ఉన్నాయి. అక్కడ విచారించవచ్చు. వైద్యులు పొరుగు భాషలో చెప్పినప్పుడు రోజుకు ఎన్ని గంటలు ధరించాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో తెలుగులో వ్రాసుకొని ఇంటి గోడకు అంటించండి.

బడిలో ఎగతాళికి వెరచి పిల్లలు పట్టీ దాచివేస్తారు. తరగతి ఉపాధ్యాయునికి ముందే చెప్పి ఉంచండి. ఎముక మెత్తగా ఉండే ఈ కొద్ది ఏళ్ళు దాటిపోతే పట్టీతో సరిచేయడం కష్టమవుతుంది.