ఆ చీటీలు దాచండి

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఇందులో రోగి పేరు, వైద్యుడి పేరు చెప్పను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్నో ఇళ్ళలో జరిగినదాన్ని అక్కుపల్లిలో ఒక్క ఇంట్లో జరిగినట్టు చెబుతున్నాను.

తొలి బస్సుకే బయల్దేరారు మొగుడూ పెళ్ళాం. అతనికి నలభై నిండలేదు. జీడితోటలో పని. డాక్టరు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమిటయ్యా బాధ?"

"బాధేటీ నేదు బాబూ. నీరసం. కూడు సయించట్లేదు."

బీపీ బాగానే ఉంది. షుగర్ లేదు. కాళ్ళకు వాపు లేదు. మధ్యాహ్నానికి రక్తపరీక్ష చీటీ వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండాలి. ఆరు దాటింది. డాక్టరు ఆ అంకెను రెండోసారి చూసి, ఆమె వైపు తిరిగాడు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అమ్మా?"

"మా మావకి ఇలాగే వొచ్చింది బాబూ. ఆయన పోయిన రెండేళ్ళకి మా బావ. విశాపట్నం తీసికెల్లినాం. అప్పటికే రెండు కిడ్నీలూ పాడైపోనాయన్నారు."

ఈ జబ్బు తీరే అంత. కిడ్నీలు పాడవడానికి ముఖ్య కారణాలుగా వైద్యవిద్యార్థి చదువుకునేవి షుగరూ, బీపీ. ఇక్కడ చాలామందిలో అవి రెండూ కనపడవు. మూత్రంలో ప్రొటీనూ పెద్దగా పోదు. కిడ్నీలోని సన్నని నాళాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా గట్టిపడిపోతాయి. ఒళ్ళు చెప్పేసరికి మిగిలేది డయాలిసిస్. ఆ రోజుల్లో దానికోసం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖకే పోవాలి. వారానికి రెండు మూడు సార్లు, పోయినప్పుడల్లా నాలుగేసి గంటలు. కూలిపని చేసుకునే మనిషి ఎన్ని వారాలు తిరగగలడు?

జబ్బు ఎందుకొస్తోందో తెలియనిచోట డాక్టరుకి రెండు పనులు. ఎదురుగా ఉన్న మనిషికి వైద్యం చెయ్యాలి. ఆ మనిషి ఏ ఊరు, ఏ బావి నీళ్ళు, ఏ పని, ఇంట్లో ఎవరెవరు పోయారు అన్నదీ రాసిపెట్టాలి. మొదటి పనికి దండం దొరుకుతుంది. రెండోదాన్ని ఎవరూ చూడరు. కానీ ఉద్దానం పేరు ప్రపంచానికి తెలిసింది ఆ రెండో పని వల్లే అని నా నమ్మకం. విశాఖ నెఫ్రాలజిస్టు డాక్టర్ మాచిరాజు రవిశంకర్ బృందం 2009లో ఈ జబ్బు వివరాలను అమెరికా నెఫ్రాలజీ సొసైటీ ముందుంచింది. ఆ బృందంలో ఆర్థర్ గ్రోల్‌మన్ ఉన్నారు. బాల్కన్ పల్లెల్లో యాభై ఏళ్ళుగా అంతుపట్టని ఇలాంటి కిడ్నీ జబ్బుకి గోధుమ చేలల్లో మొలిచే ఒక విషపు కలుపుమొక్క కారణమని తేల్చిన శాస్త్రవేత్త ఆయన. 2019లో డాక్టర్ టి. రవిరాజు బృందం, 2020లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ బృందం సర్వేలు ప్రచురించాయి. పరీక్ష చేసిన పెద్దవాళ్ళలో ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది.

కారణం తెలియని జబ్బుల చీకట్లో నడక నరాల వైద్యులకూ బాగా తెలుసు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బులో ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే నరాల పైపొరను తినేస్తుంది. ప్యారిస్‌లో షార్కో అనే వైద్యుడు దాని లక్షణాలను విడమరిచి చెప్పింది 1868లో. వెనక ఎప్‌స్టీన్-బార్ వైరస్ హస్తం ఉందనడానికి గట్టి ఆధారం దొరికింది 2022లో. ఎలా దొరికిందో వినండి. అమెరికా సైన్యంలో కోటిమందికి పైగా సైనికుల రికార్డులు వెతికారు, ఎప్పుడో తీసి దాచిన రక్తం తిరిగి పరీక్షించారు. ఆ వైరస్ సోకాక జబ్బు ముప్పు 32 రెట్లు పెరిగిందని తేలింది. ఆ రక్తం దాచినవాళ్ళకి అది ఇందుకు పనికొస్తుందని తెలియదు. దాచారు, అంతే.

మరి మన దగ్గర? నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశమన్నారు. ఏదీ రుజువు కాలేదు. బృందాలు వచ్చాయి, రక్తం తీసుకున్నాయి, వెళ్ళాయి. ఒకే మనిషిని ఇరవై ఏళ్ళు వరసగా చూస్తే తప్ప ఈ ముడి విడదు. అందుకు పాత చీటీలు మిగిలి ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకింది. జీడి, కొబ్బరి చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. ఇళ్ళలో ఎన్ని పరీక్ష చీటీలు తడిసి ముద్దయ్యాయో ఎవరు లెక్కపెట్టారు?

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే 700 కోట్ల పథకమూ ఆ రోజే మొదలైంది. మంచి పనులు. ఆ పరిశోధన కేంద్రం ఊరూరా ఒక పుస్తకం తెరవాలి. ప్రభుత్వాలు మారినా ఆ పుస్తకం మూతపడకూడదు.

ఉద్దానంలో ఉన్నవాళ్ళకి నాదొక మనవి. ఒంట్లో బాగానే ఉన్నా ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు మింగకండి. మీ నాన్నగారివి, మీ మావగారివి పాత చీటీలుంటే, వాళ్ళు పోయినా సరే, పారెయ్యకండి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టండి. వచ్చే డాక్టరుకి చూపించండి.