తంతివాద్యాల మెరుగుముద్దలు

గిటారు, వీణ వంటి తంతివాద్యాల పైపూతకు చివరి మెరుపు తేవడానికి వాడే రాపిడి పదార్థాలు మెరుగుముద్దలు. దుకాణాల్లో, పాలిష్ మేస్త్రీల నోట ఇవి బఫింగ్ కాంపౌండ్లు. మైనంలోనో కొవ్వులోనో మెత్తని పొడి కలిపి వీటిని తయారుచేస్తారు. గుడ్డచక్రానికి పట్టించి ఆనిస్తే ముద్ద గీతల్ని చెరిపేయదు, వాటి స్థానంలో ఇంకా సన్నని గీతలు పెడుతుంది. అవి కంటికి ఆననంత సన్నబడ్డాక మనం మెరుపు అంటాం. ఏ ముద్ద మంచిదని అడిగేవారు ముందు పూత ఏదో చెప్పాలి. ముద్దల చరిత్ర పూతల చరిత్ర వెంటే నడిచింది.

తెలుగునాట పాత పూత లక్క. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో బొమ్మల కోసం అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్కకడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకు అదిమితే నునుపు తేలుతుంది. అక్కడ పొడీ లేదు, ముద్దా లేదు, ఆకే మెరుగు. అదే లక్కను చపడాగా చేసి, స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొర రుద్దే ఫ్రెంచి పాలిష్ 19వ శతాబ్ది ఐరోపాలో స్థిరపడింది. చేత్తో చేసే క్లాసికల్ గిటార్లకు నేటికీ దాన్నే కోరేవారున్నారు. అయితే బొమ్మకు పనికొచ్చిన కరిగే గుణమే గిటారుకు చిక్కు. మోటారు చక్రం ఆనిస్తే ఆ వేడికి పూత మెత్తబడి ముడుచుకుంటుంది. లక్కపూత మీద నూనెచుక్కతో మెత్తని ప్యూమిస్ పొడి, తర్వాత రాటెన్‌స్టోన్ పొడి, అదీ చేత్తోనే.

చక్రాల కాలం కార్లతో వచ్చింది. గుర్రపుబండ్ల నాటి వార్నిష్ ఆరడానికి వారాలు పట్టేది. డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్ గంటల్లో ఆరింది. 1923లో జనరల్ మోటార్స్ దాన్ని ఓక్లండ్ కార్ల మీద వేసింది. ఆ లక్కర్ పేరు డ్యూకో. మన వడ్రంగులు స్ప్రే రంగును ఇప్పటికీ డ్యూకో అనే అంటారు, కంపెనీ సంగతి ఎవరికీ గుర్తులేకపోయినా. నీళ్లతో రుద్దే ఉప్పు కాగితాన్ని త్రీఎం 1921లోనే తెచ్చింది. గిటారు కర్మాగారాలు ఈ రెంటినీ కార్లవారి నుంచే ఎత్తుకున్నాయి. ముద్దల్లో ట్రిపోలీ రాతిపొడి, ఎర్రని రూజ్ పాతవి. జాజుకు ఎరుపునిచ్చే ఐరన్ ఆక్సైడే రూజ్. తర్వాత కృత్రిమ అల్యూమినియం ఆక్సైడ్ వచ్చింది. కురువిందంలో ఉండేది ఇదే.

పూతల రసాయనశాస్త్రానికి తెలుగునేల మీద పెద్ద చిరునామా హైదరాబాదులోని తార్నాక. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి పక్కనే, నిజాం ప్రభుత్వ హయాంలో 1944లో మొదలైన కేంద్ర ప్రయోగశాలలు 1956లో సీఎస్ఐఆర్ కింద ప్రాంతీయ పరిశోధనశాల (ఆర్ఆర్ఎల్) అయ్యాయి. 1989 నుంచి అది భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), పాతవాళ్లకు మాత్రం ఇంకా ఆర్ఆర్ఎల్. అక్కడ గిటార్లు చేయలేదు కానీ ఆముదం మీద చాలా పని జరిగింది, ఆముదంతో చేసే పాలీయురేథేన్ పూతలతో సహా. వడ్రంగులు పీయూ అనేది ఈ జాతి పూతనే. డ్యూకోలో కొత్త పొర పాతదాన్ని కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది. పీయూ గట్టిపడ్డాక థిన్నర్‌కు కరగదు, పొరలు విడివిడిగానే ఉంటాయి. ఉప్పు కాగితం ఒక పొరను దాటి కింది పొరను తాకితే పటంలో ఎత్తులు చూపే గీతల్లాంటి వలయాలు బయటపడతాయి. వాటిని ఏ ముద్దా దాచలేదు.

పని వరుస ఇది. డ్యూకో పూత మొత్తం మిల్లీమీటరులో పదోవంతు అటూఇటూ. 2000 నంబరు కాగితపు రేణువు సుమారు 10 మైక్రాన్లు. అక్కడిదాకా నీళ్లతో రుద్దితే పూత గచ్చులా మసకబారుతుంది. అప్పుడు మధ్యరకం ముద్ద, ఆపైన సన్నరకం. ఒక్కో ముద్దకు ఒక్కో చక్రం. సన్న చక్రంలో ఒక్క ముతక రేణువు దూరినా పూట పని పోయినట్టే. 14 అంగుళాల చక్రానికి నిమిషానికి 700 చుట్లు చాలు. అంచుల దగ్గర పూత పలుచన కాబట్టి చక్రం అంచు వైపు నుంచి బయటికే తిరగాలి, లోపలికి తిరిగితే వాద్యాన్ని లాగేసుకుంటుంది. మధ్యమధ్య మునివేళ్లతో తాకి చూడాలి. గోరువెచ్చన దాటితే ఆపాలి. సిలికోన్ కలిసిన కారు పాలిష్ వద్దు. రేపు ఎక్కడైనా మళ్లీ పూత వేయాల్సి వస్తే చేపకళ్లలాంటి గుంటలు తేలతాయి.

పరీక్షకు ట్యూబ్‌లైటు చాలు. దాని ప్రతిబింబం గిటారు వీపు మీద కత్తి గీసినట్టు కనిపిస్తే పని అయింది, అంచులు నూగుపట్టినట్టుంటే మళ్లీ మధ్యరకం ముద్దకు వెళ్లాలి. హైదరాబాదు వానాకాలంలో డ్యూకో వేస్తే చెమ్మకు తెల్లగా మసకేస్తుంది, అందుకని పొడి రోజులు చూసుకుంటారు. వేశాక కూడా వారాలు ఆగాలి. తొందరపడి బఫింగ్ చేస్తే తర్వాత పూత కుంగి కర్ర ఈనెలు తేలతాయి. ముక్కు ఆనించి చూసినప్పుడు థిన్నర్ వాసన వస్తుంటే అది ఇంకా ఆరలేదు.