నెట్‌వర్క్ టెస్ట్‌బెడ్‌లపై శిక్షణ: ఆర్పానెట్ నుంచి ఫాబ్రిక్ దాకా

కంప్యూటర్ నెట్‌వర్క్‌లలో కొత్త ఆలోచనను పరీక్షించడం చిక్కైన పని. పదిమందీ వాడుకునే ఇంటర్నెట్ మీద ప్రయోగాలు చేయనివ్వరు; ఒక్క రౌటర్‌కు తప్పుడు ఆదేశం వెళ్లినా వేలమంది పని ఆగిపోతుంది. కంప్యూటర్‌లో నడిపే సిమ్యులేషన్ చవకే, కాని అసలు తీగల్లో, అసలు రేడియో తరంగాల్లో ఎదురయ్యే చికాకులన్నీ అందులో బయటపడవు. ఈ రెంటికీ నడుమ పుట్టినవే టెస్ట్‌బెడ్‌లు. సర్వర్లు, స్విచ్‌లు, లింకులు అన్నీ నిజమైనవే ఉంటాయి. పరిశోధకులు దూరం నుంచే లాగిన్ అయి తమకు కావలసిన భాగాన్ని తీసుకుని, పని కాగానే తిరిగి ఇచ్చేస్తారు.

ఇలాంటి టెస్ట్‌బెడ్‌లు చాలావరకు ప్రభుత్వ నిధులతో కట్టినవి. వాటి మీద ఎన్ని ప్రయోగాలు జరిగాయన్నదాన్ని బట్టే పెట్టిన డబ్బుకు ఫలితం తేలుతుంది. ప్రయోగాలు చేసేవాళ్లలో ఎక్కువమంది ఎంఎస్, పీహెచ్‌డీ విద్యార్థులు. కొన్నేళ్లకు పట్టా చేతికి రాగానే వెళ్లిపోతారు. చేయి తిరిగిన పనితనమూ వాళ్ల వెంటే పోతుంది. కాబట్టి నేర్పడం ఒకసారితో ముగిసే పని కాలేదు. యంత్రాల మరమ్మతులాగే అదీ టెస్ట్‌బెడ్ నిర్వాహకులకు నిత్యకృత్యమైంది. గత యాభై ఏళ్లలో, ముఖ్యంగా అమెరికాలో, ఈ శిక్షణ ఎన్నో రూపాలు మార్చుకుంది.

తొలి పాఠం: 1972

ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ 1969లో నాలుగు కేంద్రాలతో మొదలైంది. దాని ప్యాకెట్ స్విచ్‌లను తయారుచేసింది మసాచుసెట్స్‌లోని బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్, అంటే బీబీఎన్ సంస్థ. మూడేళ్లు గడిచినా దాన్ని వాడేవాళ్లు కొద్దిమందే. ఎక్కడి కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామ్ ఉందో, దాన్ని ఎలా పిలవాలో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. బీబీఎన్‌కు చెందిన రాబర్ట్ కాన్ దీనికి పరిష్కారంగా ఒక బహిరంగ ప్రదర్శన ఏర్పాటు చేశాడు. 1972 అక్టోబరులో వాషింగ్టన్ హిల్టన్ హోటల్‌లో కంప్యూటర్ కమ్యూనికేషన్ అంతర్జాతీయ సమావేశం జరిగింది. ఆ హోటల్‌కే ఆర్పానెట్ లింకు లాగి, హాల్లో పదుల కొద్దీ టెర్మినళ్లు పెట్టారు. వచ్చినవాళ్లు ఎవరికివారు కూర్చుని వాడుకోవచ్చు.

అప్పటికి విద్యార్థిగా ఉన్న బాబ్ మెట్‌కాఫ్ అందుకోసం ఒక చిన్న పుస్తకం తయారుచేశాడు. ఏ కేంద్రానికి కలుపుకోవాలి, ఏ అక్షరాలు టైప్ చేయాలి, జవాబుగా ఏం వస్తుంది అన్నవి అందులో వరుసగా ఉన్నాయి. చదరంగం ఆడే ప్రోగ్రాములు, రోగితో మాట్లాడే వైద్యుడిలా సంభాషించే ప్రోగ్రాము వంటివి ఉదాహరణలుగా ఇచ్చారు. టెస్ట్‌బెడ్ వర్క్‌షాపుల్లో ఈనాటికీ పంచే అభ్యాస పత్రానికి ఇదే మూలరూపం అనుకోవచ్చు. ప్రత్యక్ష ప్రదర్శనకుండే ప్రమాదం కూడా అక్కడే బయటపడింది. ఏటీ అండ్ టీ అధికారులకు మెట్‌కాఫ్ నెట్‌వర్క్‌ను చూపిస్తుండగానే అది కాసేపు మొరాయించింది. టెలిఫోన్ సర్క్యూట్లనే నమ్ముకున్న ఆ పెద్దలు నవ్వుకున్నారని ఆయన తరువాత చాలాసార్లు చెప్పాడు.

ప్రదర్శన ముగిశాక నేర్పే భారం కాగితం మీద పడింది. స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోని నెట్‌వర్క్ సమాచార కేంద్రం, జేక్ ఫైన్లర్ పర్యవేక్షణలో, ఏ కేంద్రంలో ఏ సదుపాయాలున్నాయో చెప్పే దస్త్రాలను తయారుచేసి పంపిణీ చేసేది.

ఎమ్యులాబ్, ప్లానెట్‌ల్యాబ్

2000 ప్రాంతంలో టెస్ట్‌బెడ్‌లు కొత్త రూపం దిద్దుకున్నాయి. యూటా విశ్వవిద్యాలయంలో జే లెప్రో బృందం నిర్మించిన ఎమ్యులాబ్‌లో ఒకే గదిలో ఉన్న కంప్యూటర్లను కోరిన ఆకారంలో కలిపి, లింకుల్లో కావలసినంత ఆలస్యాన్ని, ప్యాకెట్ల నష్టాన్ని కల్పించవచ్చు. విద్యార్థి తన నెట్‌వర్క్ బొమ్మను ఒక స్క్రిప్టుగా రాసి పంపితే కొద్దిసేపట్లో యంత్రాలు సిద్ధమవుతాయి. ఆ స్క్రిప్టు భాష చాలామంది పరిశోధకులకు సిమ్యులేషన్ పనిలో ముందే పరిచయమైనది కావడంతో నేర్పే శ్రమ సగం తగ్గింది. పని లేకుండా ఊరికే పట్టుకు కూర్చున్న యంత్రాలను వ్యవస్థ వెనక్కి తీసుకునేది. ఉమ్మడి వనరును వాడుకునే మర్యాదను కొత్తవాళ్లు అలా నేర్చుకున్నారు.

ప్లానెట్‌ల్యాబ్ దారి వేరు. 2002 మార్చిలో బర్కిలీలోని ఇంటెల్ పరిశోధనశాలలో ప్రిన్స్‌టన్‌కు చెందిన లారీ పీటర్సన్, బర్కిలీకి చెందిన డేవిడ్ కల్లర్ కొందరు పరిశోధకులను కూర్చోబెట్టి మాట్లాడిన సమావేశమే దానికి నాంది. చేరే ప్రతి విశ్వవిద్యాలయమూ కనీసం రెండు కంప్యూటర్లు పెట్టాల్సి ఉండేది. బదులుగా ప్రపంచమంతటా ఉన్న తక్కిన కంప్యూటర్లలో వాటా దొరికేది. ఆ వాటాకు వాళ్లు పెట్టుకున్న పేరు స్లైస్. కొన్నేళ్లలో యంత్రాల సంఖ్య వెయ్యి దాటింది. ఇక్కడ ప్రయోగం అసలు ఇంటర్నెట్ మీదే నడిచేది కాబట్టి పొరపాటు చేస్తే బయటివాళ్ల నుంచి ఫిర్యాదులు వచ్చేవి. ఒక్కో విద్యాసంస్థలో ఒక అధ్యాపకుడు తన విద్యార్థుల స్లైస్‌లకు బాధ్యుడిగా ఉండేవాడు. ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు అన్న నియమావళిని విద్యార్థికి చెప్పే పని ఆయనదిగా ఉండేది. లోతైన అనుభవాలు పంచుకోవడానికి 2004 నుంచి వరల్డ్స్ అనే వర్క్‌షాపు జరిగింది. అసలు నెట్‌వర్క్ మీద వ్యవస్థలను నడిపినప్పుడు ఎదురైన ఇబ్బందులే అందులో ప్రధాన చర్చనీయాంశం.

సైబర్ భద్రత కోసం ఎమ్యులాబ్ సాఫ్ట్‌వేర్ మీదే కట్టిన డీటర్ టెస్ట్‌బెడ్ తరగతి గదికి మరింత దగ్గరైంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ దాన్ని నడిపాయి. వెల్లువలా వచ్చిపడే నకిలీ అభ్యర్థనలతో సర్వర్ ఎలా కూలుతుందో, డేటాబేస్‌లోకి దొంగ ఆదేశం ఎలా చొరబడుతుందో విద్యార్థులు గోడకట్టిన ఆవరణలో స్వయంగా చేసి చూసేవారు. అధ్యాపకులు తయారుచేసిన ఈ అభ్యాసాలను ఒకచోట చేర్చి ఇతర కళాశాలలకూ అందుబాటులో ఉంచారు.

జీని సమావేశాలు

శిక్షణకు సొంత ఏర్పాటు, సొంత క్యాలెండరు వచ్చింది జీనితో. నెట్‌వర్క్ పరిశోధనకు జీని అనే దేశవ్యాప్త టెస్ట్‌బెడ్ కావాలన్న ప్రతిపాదనను అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) 2005లో ముందుకు తెచ్చింది. 2007లో ప్రాజెక్టు కార్యాలయ బాధ్యతను బీబీఎన్‌కు అప్పగించింది. చిప్ ఎలియట్ సారథి. ఆర్పానెట్‌కు స్విచ్‌లు చేసిచ్చిన సంస్థకే ఈ పని దక్కడం విశేషం.

జీని ఒకే సంస్థ ఒకేచోట కట్టినది కాదు. ఎమ్యులాబ్, ప్లానెట్‌ల్యాబ్, రట్‌గర్స్ విశ్వవిద్యాలయంలో 400 రేడియో నోడ్‌లున్న ఆర్బిట్ వంటి పాతవాటిని కలుపుకుంటూ, విశ్వవిద్యాలయాల్లో కొత్త సర్వర్ ర్యాక్‌లు పెట్టుకుంటూ పెరిగింది. అందువల్ల కట్టేవాళ్లు, వాడేవాళ్లు తరచూ ఒకచోట కలవక తప్పలేదు. ఏడాదికి మూడుసార్లు, ఒక్కోసారి ఒక్కో ఊరిలో, జీని ఇంజనీరింగ్ సమావేశం జరిగేది. మొదటిది 2007 అక్టోబరులో మినియాపొలిస్‌లో జరిగింది. తొలి సమావేశాలు కట్టేవాళ్లవి: ఏ సాఫ్ట్‌వేర్ ఏ సాఫ్ట్‌వేర్‌తో ఎలా మాట్లాడాలన్న వాదోపవాదాలే ఎక్కువ. టెస్ట్‌బెడ్ పనిచేయడం మొదలయ్యాక పాళ్లు మారాయి. ట్యుటోరియల్స్‌కు ప్రత్యేక సమయం కేటాయించారు. కొత్తవాళ్లకు, అనుభవజ్ఞులకు, నెట్‌వర్క్ నిర్వాహకులకు వేరువేరు తరగతులు పెట్టారు. ఒక సాయంత్రం విద్యార్థుల ప్రయోగాల ప్రదర్శన ఉండేది. దూరం నుంచి వచ్చే విద్యార్థులకు ప్రయాణ ఖర్చులకు గ్రాంట్లు ఇచ్చేవారు.

కొత్తవాళ్ల ట్యుటోరియల్‌లో తొలి అభ్యాసానికి ల్యాబ్ జీరో అని పేరు. నెట్‌వర్క్ ప్రయోగాల్లో ఇంతకన్న చిన్నది ఉండదు. విద్యార్థి తన విశ్వవిద్యాలయ ఖాతాతోనే జీని పోర్టల్‌లోకి లాగిన్ అవుతాడు. ఒక స్లైస్ తెరిచి, తెర మీద రెండు వర్చువల్ కంప్యూటర్ల బొమ్మలు పెట్టి, వాటి మధ్య ఒక గీత గీస్తాడు. ఆ రెండూ ఏ ఊరి ర్యాక్‌లో కావాలో ఎంచుకుని బటన్ నొక్కుతాడు. కొన్ని నిమిషాలకు బొమ్మలు ఆకుపచ్చగా మారితే యంత్రాలు సిద్ధమైనట్టే. అప్పుడు ఒక యంత్రంలోకి లాగిన్ అయి రెండోదాన్ని పింగ్ చేస్తాడు, అంటే జవాబు కోరుతూ చిన్న సందేశం పంపుతాడు. జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తోందో చూస్తాడు. చివరి మెట్టు తీసుకున్నవి తిరిగి ఇచ్చేయడం. అభ్యాస పత్రంలో దానికీ విడిగా చోటుండేది.

పింగ్‌కు జవాబు వచ్చేలోపు అవాంతరాలు లేకపోలేదు. అన్నిటికన్న మొండిది ఎస్‌ఎస్‌హెచ్ కీ. లాగిన్‌కు కావలసిన ఆ రహస్య ఫైల్‌ను ఇతరులు చదవగలిగే స్థితిలో ఉంచితే ప్రోగ్రామ్ దాన్ని ఒప్పుకోదు. విండోస్ వాడేవారికి వేరే ప్రోగ్రామ్, వేరే రూపంలో కీ కావాలి. నెట్‌వర్క్ పాఠం కోసం వచ్చినవాళ్ల సమయం దీనికే కరిగిపోయేది. అవసరమైన పరికరాలన్నీ ముందే అమర్చిన వర్చువల్ మెషీన్‌ను ల్యాప్‌టాప్‌లో వేసుకుని రమ్మనడం దీనికి కనిపెట్టిన ఒక ఉపాయం.

ఈ తరగతుల వల్ల టెస్ట్‌బెడ్‌కూ మేలు జరిగింది. మామూలు రోజుల్లో పరిశోధకులు ఒక్కొక్కరుగా, తీరిక వేళల్లో వస్తారు. ట్యుటోరియల్‌లో గదినిండా ఉన్నవాళ్లు ఒకే నిమిషంలో ఒకే బటన్ నొక్కుతారు. ఏ ర్యాక్ తట్టుకోలేదో, ఏ సందేశం ఎవరికీ అర్థం కాలేదో నిర్వాహకుల కళ్లముందే తేలిపోతుంది. తొలినాటి కమాండ్ లైన్ పనిముట్ల స్థానంలో బొమ్మలు గీసే తెరలు రావడానికి ఈ అనుభవం బాగా తోడ్పడింది.

జీని తరగతులకు జనాన్ని రప్పించిన మరో కారణం ఓపెన్‌ఫ్లో. 2008లో స్టాన్‌ఫోర్డ్‌లో నిక్ మెక్‌కియాన్ తదితరులు ప్రతిపాదించిన ఈ పద్ధతిలో స్విచ్‌ల నిర్ణయాలను వేరే కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌తో శాసించవచ్చు. అప్పట్లో అలాంటి స్విచ్ దొరకడమే అరుదు. జీనిలో అది విద్యార్థికి చేరువైంది. 2010లో వచ్చిన మినీనెట్ ఒకే ల్యాప్‌టాప్‌లో డజన్ల కొద్దీ స్విచ్‌లను అనుకరించగలిగింది. దాంతో ముందు మినీనెట్‌లో నేర్చుకుని, ఆపైన టెస్ట్‌బెడ్‌లో అసలు స్విచ్‌ల మీద చేసి చూడటం వాడుకైంది.

తరగతి గదిలోకి, సముద్రాలు దాటి

సమావేశానికి రాగలిగేవాళ్లు ఎప్పుడూ కొందరే. అధ్యాపకుడు తన కోర్సులో జీనిని చేరిస్తే ఒక్కసారే తరగతిలోని విద్యార్థులందరికీ అది అందుతుంది. ఇది గ్రహించిన ప్రాజెక్టు కార్యాలయం సెమిస్టరు ఆరంభంలో టీచింగ్ అసిస్టెంట్ల (టీఏల) కోసం ఆన్‌లైన్ శిక్షణ మొదలుపెట్టింది. అర్ధరాత్రి విద్యార్థికి లాగిన్ కుదరకపోతే ముందుగా అడిగేది టీఏనే కాబట్టి, ఆ టీఏకు సమాధానాలు తెలిసి ఉండటం ముఖ్యం. 2012 నుంచి పరిశోధన, బోధన ప్రయోగాల కోసం గ్రీ అనే వర్క్‌షాపు కూడా ఇంజనీరింగ్ సమావేశాలతో కలిపి జరిగింది. కోర్సులో జీనిని వాడిన అధ్యాపకులు తమ అభ్యాసాలను అక్కడ వ్యాసాలుగా సమర్పించేవారు.

ఐరోపాలో ఫైర్ కార్యక్రమం కింద ఇలాంటి టెస్ట్‌బెడ్‌లే పెరిగాయి. 2012లో మొదలైన ఫెడ్‌ఫర్‌ఫైర్ ప్రాజెక్టు వాటిని ఒక గొడుగు కిందికి తెచ్చింది. బెల్జియంలోని ఘెంట్ పరిశోధకులు తయారుచేసిన జెఫెడ్ అనే పనిముట్టుతో ఐరోపా, అమెరికా టెస్ట్‌బెడ్‌లు రెంటినీ ఒకే తెర నుంచి వాడుకోవచ్చు. 2014 జులైలో ఘెంట్‌లో రెండు పక్షాల వినియోగదారులకు కలిపి వారం పాటు వేసవి శిక్షణ జరిగింది. తరువాతి వేసవుల్లోనూ ఇది కొనసాగింది.

జీని తరువాత

2014లో ఎన్‌ఎస్‌ఎఫ్ క్లౌడ్‌ల్యాబ్, కమీలియన్ అనే రెండు టెస్ట్‌బెడ్‌లకు చెరో కోటి డాలర్లు మంజూరు చేసింది. ఎమ్యులాబ్, జీని అనుభవం క్లౌడ్‌ల్యాబ్‌కు పునాది అయింది. అక్కడ శిక్షణకు ఆధారం ప్రొఫైల్: ఒకరు సిద్ధం చేసిన ప్రయోగ వాతావరణాన్ని మరొకరు ఒక్క లింకుతో తెరుచుకోవచ్చు. అధ్యాపకుడు ప్రొఫైల్ తయారుచేస్తే విద్యార్థికి అమర్చుకునే బాధ తప్పుతుంది. కమీలియన్‌లోనూ వివరణ, కోడు కలిసి ఉండే నోట్‌బుక్‌లను పంచుకునే ఏర్పాటు వచ్చింది.

న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఏర్పడిన వైర్‌లెస్ టెస్ట్‌బెడ్ కాస్మోస్ బడి స్థాయికీ దిగింది. నగరంలోని పాఠశాల ఉపాధ్యాయులు వేసవిలో పరిశోధకులతో కలిసి పనిచేసి గణితం, సైన్సు పాఠాలకు టెస్ట్‌బెడ్‌తో చేయదగిన ప్రయోగాలు తయారుచేశారు.

2019లో రెండు కోట్ల డాలర్లతో మొదలైన ఫాబ్రిక్ జీనికి వారసురాలు. నార్త్ కరోలినాలోని రెన్సీ సంస్థ దీనికి నాయకత్వం వహించగా కెంటకీ, క్లెమ్సన్ విశ్వవిద్యాలయాలు, ఇలినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, ఈఎస్‌నెట్ భాగస్వాములయ్యాయి. తరువాత ఫాబ్ అనే అనుబంధ ప్రాజెక్టుతో బ్రిస్టల్, ఆమ్‌స్టర్‌డామ్, సెర్న్, టోక్యో కేంద్రాలకూ విస్తరించింది. దీని వినియోగదారుల వర్క్‌షాపుల పేరు నిట్.

ఫాబ్రిక్‌లో పాఠం, పనిముట్టు ఒకటైపోయాయి. వినియోగదారు బ్రౌజర్‌లో జూపిటర్ నోట్‌బుక్ తెరుస్తాడు. ఒక పేరాలో వివరణ, దాని కిందే నడపవలసిన పైథాన్ కోడు, దాని కిందే ఫలితం కనబడతాయి. ల్యాప్‌టాప్‌లో విడిగా అమర్చుకోవలసింది దాదాపు ఉండదు. వర్క్‌షాపులో నడిపిన నోట్‌బుక్‌నే ఇంటికి వెళ్లాక కొద్దిగా మార్చి సొంత ప్రయోగానికి వాడుకోవచ్చు. కోవిడ్ కాలంలో ముఖాముఖి సమావేశాలు ఆగిపోయినప్పుడు ఈ పద్ధతి ఆన్‌లైన్ తరగతులకు బాగా కుదిరింది. అయితే ఇక్కడ కొత్త ఇబ్బందీ ఉంది: వరుసగా గడులు నడుపుకుంటూ పోయే విద్యార్థి లోపల ఏం జరిగిందో తెలియకుండానే చివరికి చేరుకోగలడు. అందుకే మంచి నోట్‌బుక్‌లో అక్కడక్కడా ఖాళీలు వదిలి, విద్యార్థే రాయవలసిన భాగాలు ఉంచుతారు.

ప్లానెట్‌ల్యాబ్ 2020లో మూతపడింది. ఆ తరువాత జీని ర్యాక్‌లూ సెలవు తీసుకున్నాయి. కాని జీని కోసం రాసిన తరగతి అభ్యాసాల్లో పలు అభ్యాసాలను ఫాబ్రిక్, క్లౌడ్‌ల్యాబ్‌లకు తగ్గట్టు తిరగరాశారు. ఇంటర్నెట్ రవాణా నియమావళి టీసీపీ రద్దీని ఎలా అదుపు చేస్తుందో చూపే ప్రయోగానికి రెండు యంత్రాలు, మధ్యలో ఒక ఇరుకు లింకు ఉంటే చాలు. అవి ఎవరి ర్యాక్‌లో ఉన్నా పాఠం మారదు.