ఇల్లు ఊళ్ళో, బడి పట్నంలో

మా ఓనరుగారి అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడట. పిల్లల పరీక్షలు అయిపోగానే ఇల్లు ఖాళీ చేయమన్నారు. అప్పటి నుంచీ రాత్రి భోజనాల దగ్గర మా ఇంట్లో ఒకటే చర్చ. ఘట్‌కేసర్ దగ్గర ఫ్లాటు కొందామని మా ఆయన. పాప పదో తరగతి అయ్యేదాకా నారాయణగూడలో బడి దగ్గరే మళ్ళీ కిరాయికి ఉందామని నేను.

ఆయన లెక్క కాగితం మీద ఉంది. ఫ్లాటు 62 లక్షలు, లోను 50 లక్షలు, 20 ఏళ్ళు, నెలకు 43 వేల పైచిలుకు. "నెలనెలా ఇరవై వేలు ఇంకొకళ్ళకి కట్టడం కంటే నయం కదా" అంటారు. అందులో నిజం లేకపోలేదు. నా లెక్క కాగితం మీద లేదు. పొద్దున ఆరున్నరకే పిల్ల బస్సెక్కాలి, దానికి ముందు క్యారేజీ కట్టాలి, రానూ పోనూ మూడు గంటలు రోడ్డు మీదే.

ఈ వాదనలో నాకు తాతమ్మ గుర్తొచ్చింది. తాతమ్మ అంటే మా అమ్మమ్మ వాళ్ళమ్మ. నల్లగొండ జిల్లాలో నాలుగు వైపులా వసారాలున్న సొంతిల్లు ఆమెది. కొడుకుని చదివించడానికి వాళ్ళకు ఇబ్బంది రాలేదు, హైదరాబాదు పంపి హాస్టల్లో వేశారు. 1918లో రెడ్డి హాస్టల్ మొదలయ్యాక పల్లెల నుంచి వచ్చే మగపిల్లలకు పట్నంలో తల దాచుకునే చోట్లు ఒక్కొక్కటే ఏర్పడ్డాయి. మరి ఆడపిల్ల సంగతి? పదేళ్ళ పిల్లను ఒంటరిగా ఎక్కడ ఉంచుతారు? పిల్ల చదవాలంటే ఇల్లే బడి దగ్గరికి రావాలి. వచ్చింది. తాతయ్య ఊళ్ళో వ్యవసాయం చూసుకుంటే, తాతమ్మ కూతుర్ని తీసుకుని నారాయణగూడలో ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటాలో దిగింది.

ఎందుకు నారాయణగూడే అంటే, 1928లో మాడపాటి హనుమంతరావుగారు పెట్టిన తెలుగు బాలికల పాఠశాల అక్కడే ఉంది కాబట్టి. నిజాం రాజ్యంలో చదువంటే ఉర్దూ, ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమమే. తెలుగులో చదివే ఆడపిల్లల పై పరీక్షలకు ఇక్కడ గుర్తింపు దొరక్క, ఆ బడి ఎక్కడో మహారాష్ట్రలో కర్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం పెట్టుకుంది. తెలుగు ఊళ్ళ ఆడపిల్లలు తెలుగులో పరీక్ష రాయడానికి అంత దూరం చేయి చాచాల్సి వచ్చింది. అలాంటి బడి ఇంకో వీధిలో దొరకదు. అందుకే తాతమ్మ ఆ వీధికే వచ్చింది.

అమ్మమ్మ చెప్పేది, సెలవులకు ఊరెళ్ళినప్పుడల్లా తాతమ్మ ముందు వసారా గోడను చేత్తో తడిమి చూసుకునేదట. ఆరేళ్ళలో మూడు వాటాలు మారారు. ఒకచోట బావి దగ్గర మాట పడ్డారు, ఒకచోట రాత్రి ఎనిమిది దాటితే దీపం ఆర్పమన్నారు. కిరాయి ఇంటి కష్టం తెలియక నేను మాట్లాడటం లేదు.

డిగ్రీలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’ చదివినప్పుడు ఆయన తల్లి సుబ్బమ్మగారి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ప్రకాశంగారికి పదకొండేళ్ళప్పుడు తండ్రి పోతే, ఆమె పిల్లలతో ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివించింది. గౌరవంగా చూడని వృత్తి అది. తాతమ్మకు అరవై ఏళ్ళ ముందు సంగతి. సొంతిల్లు కాదు ఆమె చూసుకున్నది, బడి ఉన్న ఊళ్ళో పొయ్యి వెలిగే చోటు.

ఆ కాలంలో కొనాలా, అద్దెకుండాలా అన్న ప్రశ్నే లేదు. ఇల్లు ఊళ్ళో, బడి పట్నంలో. మా అమ్మ చిన్నప్పుడూ అంతే. 1960లో వచ్చిన అద్దె చట్టం వల్ల తగిన కారణం లేకుండా ఖాళీ చేయించడం ఓనర్లకు కష్టమైంది. చిక్కడపల్లిలో ఒకే వాటాలో పద్నాలుగేళ్ళు ఉండి అమ్మా, పిన్నీ చదువులు పూర్తి చేసుకున్నారు. అద్దె ఒక పరిమితి దాటితే ఆ చట్టం వర్తించదు, నేటి అద్దెలు ఆ పరిమితిని ఎప్పుడో దాటేశాయి.

జీతగాళ్ళకు లోను మీద ఇల్లన్నది తర్వాతి మాట. ఇళ్ళ అప్పుల కోసమే హెచ్‌డీఎఫ్‌సీ పుట్టింది 1977లో, నేషనల్ హౌసింగ్ బ్యాంకు 1988లో. అంతకుముందు మా తాతయ్యలాంటి వాళ్ళు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కట్టుకున్నారు, అప్పటికి పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ అయిపోయాయి.

అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఇదంతా విని, "అక్కడ కొంటే మంచి స్కూలు వస్తుందా?" అంది. వాళ్ళకు ఇంటి చిరునామాను బట్టి ప్రభుత్వ బడి. ఇక్కడ ప్రైవేటు బడి గోడకానుకుని ఇల్లు కొన్నా సీటు హక్కేమీ రాదు. మాకున్న సీటు ఇప్పటికే ఉంది, దానికి దూరం కాకుండా ఉంటే చాలు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కిరాయికీ ఈఎంఐకీ ఉన్న తేడాలో ఇరవై వేలు నెలనెలా ఆర్‌డీలో వేయాలని ఆయన షరతు. వేయకపోతే వచ్చే ఏడాది ఘట్‌కేసరే. ఒప్పుకున్నాను, పుస్తకం నా పేరునే పెట్టమన్నాను.

బడికి పది నిమిషాల నడకలో రెండో అంతస్తు దొరికింది. వంటగది చిన్నది, నీళ్ళు మాత్రం బాగున్నాయట. "ఎన్నాళ్ళుంటారమ్మా?" అంది ఓనరమ్మ. మూడేళ్ళు అన్నాను. కాగితంలో మాత్రం 11 నెలలనే రాశారు. నిన్నటి నుంచి స్టీలు సామాను అట్టపెట్టెల్లో సర్దుతున్నాను. అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె మాత్రం ఏ పెట్టెలోనూ పట్టలేదు, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాలి.