నీళ్లు కరువైన ఊళ్ల నుంచి

తమిళనాడులోని పెన్నాగరం దాటి హొగెనకల్ చేరితే, కావేరి మీద పుట్టి నడపడమే జీవనాధారమైన కుటుంబాలు కనిపిస్తాయి. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి పుట్టికి ఒకప్పుడు తోలు కప్పేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా చుడుతున్నారు. నడిపేవాడు ఎదురుగా చూస్తూ ఒక్క తెడ్డుతో రాళ్లనూ సుడులనూ తప్పిస్తాడు. పడవ పందేల విజేతలు ఇలాంటి చోటు నుంచే వస్తారని ఎవరైనా అనుకుంటారు. ఒక్కరే నడిపే సింగిల్ స్కల్స్ పడవ పందెం వరకు అలా జరగలేదు. ఆసియా క్రీడల్లో రోయింగ్‌లో దేశానికి తొలి స్వర్ణం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్‌ది రాజస్థాన్‌లోని సీకర్ జిల్లా.

సింగిల్ స్కల్స్ పడవను చూస్తే కారణం కొంత తెలుస్తుంది. దాదాపు 8 మీటర్ల పొడవు, కనీస బరువు 14 కిలోలు. చేతికొక తెడ్డుతో రోవర్ గమ్యానికి వీపు చేసి కూర్చుంటాడు. పీట చక్రాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి బలంలో ఎక్కువ భాగం కాళ్ల నుంచి పుడుతుంది. 2000 మీటర్ల కదలని నీరు, ఖరీదైన పడవ, ఏళ్ల తరబడి తిండి, శిక్షణ లేనిదే ఈ ఆట సాగదు. హొగెనకల్ సుడుల్లో ఈ పడవ నిమిషం నిలవదు; పుట్టివాడి నేర్పుకు ఈ ఆటలో పనీ లేదు.

మన దేశంలో ఈ ఆట క్లబ్బులతో మొదలైంది: కలకత్తా రోయింగ్ క్లబ్ 1858లో, అడయారు ఒడ్డున మద్రాస్ బోట్ క్లబ్ 1867లో వెలిశాయి. దొరలు కాలక్షేపానికి పెట్టుకున్న ఆటను స్వాతంత్ర్యం తర్వాత ఎక్కువగా మోసింది సైన్యమే. జాతీయ రోయింగ్ సమాఖ్య 1976లో గానీ ఏర్పడలేదు. ఆసియా క్రీడల్లో రోయింగ్ 1982లో మొదలైంది. ఆ ఏటి క్రీడలు ఢిల్లీవైనా రోయింగ్ పోటీలు జైపూర్ దగ్గరి రామ్‌గఢ్ సరస్సులో జరిగాయి. ఆ సరస్సు తర్వాత ఎండిపోయింది, అది వేరే కథ.

తాఖర్ రాజపుతానా రైఫిల్స్ జవాను. తెడ్డు అతని చేతికి వచ్చింది సైన్యంలోనే. 2006 దోహా ఆసియా క్రీడల్లో రజతం గెలిచాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 21వ స్థానం. ఆసియాకూ ప్రపంచానికీ మధ్య ఎంత దూరమో ఆ అంకె చెబుతుంది. 2010 నవంబరు 19న గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 7 నిమిషాల 4.78 సెకన్లలో గీత దాటి ఆ తొలి స్వర్ణం గెలిచాడు. చైనీస్ తైపీకి చెందిన వాంగ్ మింగ్-హుయ్ రెండు సెకన్లకు పైగా వెనకబడ్డాడు. 2013లో పద్మశ్రీ వచ్చింది.

ఆనాటి జాతీయ కోచ్ ఇస్మాయిల్ బేగ్ హైదరాబాదీ. 2005లోనే ద్రోణాచార్య పురస్కారం అందుకున్నాడు. కుతుబ్‌షాహీల కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన అక్కడి హుస్సేన్ సాగర్ ఇప్పుడు తెరచాప పడవలకూ రోయింగ్‌కూ నెలవు. ఆ ఊరివాడైన బేగ్ పేరు మన క్రీడా చరిత్రల్లో ఒక్క వాక్యం దాటకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. పతకం పట్టుకున్నవాడే ఫొటోలో మిగులుతాడు.

తాఖర్ తర్వాత వచ్చినవాళ్లదీ దాదాపు అదే దారి. పంజాబ్‌లోని మాన్సా జిల్లాకు చెందిన సైనికుడు స్వర్ణ్ సింగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లి, 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చాడు. దత్తు భోకనాల్‌ది నాసిక్ జిల్లాలో కరువు ప్రాంతం. తండ్రితో కలిసి బావులు తవ్విన మనిషి. సైన్యంలో చేరాక పుణెలో తెడ్డు పట్టి, నాలుగేళ్లు తిరగకుండానే 2016 రియో ఒలింపిక్స్‌లో 13వ స్థానంలో నిలిచాడు. 2018 ఆసియా క్రీడల్లో పాలెంబాంగ్‌లోని జకబరింగ్ సరస్సు మీద అతనికి కష్టకాలం ఎదురైంది. ఒంట్లో బాగాలేక సింగిల్ స్కల్స్ ఫైనల్లో ఆఖరున మిగిలాడు. మర్నాడు స్వర్ణ్ సింగ్, ఓం ప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్‌లతో కలిసి క్వాడ్రుపుల్ స్కల్స్ పడవ ఎక్కాడు. నలుగురూ సైనికులే, ఆ పడవకు స్వర్ణం దక్కింది.