వీహెచ్‌ఎస్ క్యాసెట్

ఇళ్లలో వీడియో రికార్డు చేసుకోవడానికి, చూడటానికి వాడిన అయస్కాంత టేపు క్యాసెట్. జపాన్‌కు చెందిన జేవీసీ సంస్థ 1976లో దీన్ని విడుదల చేసింది. అంతకు ఏడాది ముందే వచ్చిన సోనీ బీటామ్యాక్స్ కంటే ఎక్కువసేపు రికార్డు చేయగలగడం, పలు కంపెనీలు తయారీకి దిగడం దీనికి కలిసొచ్చాయి. 1980, 1990 దశకాల్లో తెలుగునాట ఎన్నో పెళ్లి వీడియోలు ఈ క్యాసెట్లలోనే ఉండేవి.

పనితీరు: టేపు వెడల్పు 12.7 మిల్లీమీటర్లు. వీసీఆర్ (వీడియో క్యాసెట్ రికార్డర్)లో తిరిగే డ్రమ్ముకు అమర్చిన హెడ్లు టేపుపై ఏటవాలు గీతలుగా బొమ్మను నమోదు చేస్తాయి. భారత్‌లో వాడిన పాల్ టీవీ విధానంలో డ్రమ్ము నిమిషానికి 1,500 సార్లు తిరుగుతుంది.

సంరక్షణ: తేమ వల్ల టేపు పూతను పట్టి ఉంచే జిగురు దెబ్బతింటుంది, బూజు పడుతుంది. బూజు పట్టిన టేపును శుభ్రం చేయకుండా ఆడిస్తే ఆ బూజు వీసీఆర్‌కు, అక్కడి నుంచి ఇతర క్యాసెట్లకు అంటుకుంటుంది. క్యాసెట్ వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును విరిచేస్తే దానిపై పొరపాటున మరొకటి రికార్డు కాదు. క్యాసెట్లను పొడిగా, చల్లగా ఉండే చోట నిలువుగా పెట్టాలి. వాటిని బాగా పనిచేసే వీసీఆర్‌లో ఆడిస్తూ, వీడియోను డిజిటల్‌గా మార్చే క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటర్‌లోకి ఎక్కించి, కనీసం రెండు చోట్ల ప్రతులు దాచాలి. వీసీఆర్ తయారీలో చివరిదాకా మిగిలిన జపాన్ సంస్థ ఫునై 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది కాబట్టి ఈ పని ఆలస్యం చేయకూడదు.